దూర ప్రయాణాలకు పాత ఏడు సీట్ల బండి కొంటున్నాం, ఏది మేలు?

అందరికీ నమస్కారం. మేం మొత్తం ఆరుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు. ఏడాదికి మూడు నాలుగుసార్లు 700, 800 కిలోమీటర్లు రోడ్డు మీదే వెళ్తాం. ఇన్నాళ్లూ రెండు కార్లలో వెళ్లేవాళ్లం. ఈసారి అందరం ఒకే బండిలో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లాలని ఉంది.

ఇన్నోవా క్రిస్టా, కియా కార్నివాల్ అనుకుంటున్నాం, రెండూ డీజిలే. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. కార్నివాల్ వెనక తలుపులు పక్కకు జరుగుతాయి, అది ఆయనకు సుఖమనిపిస్తోంది. క్రిస్టా ఛాసిస్ మీద కట్టిన బండి, గట్టిదే కానీ ఎక్కడానికి ఎత్తు.

నిన్న ఒక బండి చూశాం. మూడో వరుసలో పావుగంట కూర్చున్నా. మోకాళ్లు పైకి లేచిపోయి తొడలకు ఆధారమే లేదు. ఆ సీట్లు వేసి ఉంచితే వెనక రెండు పెట్టెలు కూడా పట్టలేదు. పైగా మీటరు 60 వేలే చూపిస్తోంది గానీ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయాయి. టైరు మీద డాట్ సంఖ్య చివర 2319 ఉంది, అంటే 2019లో 23వ వారం తయారీ. వదిలేశాం.

ఇలాంటి బండి వాడినవాళ్లు చెప్పండి: మూడో వరుసలో పెద్దవాళ్లు ఆరేడు గంటలు కూర్చోగలరా? ఏసీ అక్కడిదాకా చల్లగా వస్తుందా? ఇన్నాళ్లూ ఊళ్లోనే తిరిగిన డీజిల్ బండి అయితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసితో మూసుకుపోయిందో లేదో కొనేముందు ఎలా తెలుసుకోవాలి? నాకు అన్నిటికన్నా భయం దాని గురించే.