"పెద్దమనిషి తరహా" అంటే సరిగ్గా ఏమిటి?

ప్రశ్న (మలక్‌పేట నుంచి):
మా తాతయ్యను అందరూ "పెద్దమనిషి తరహా" అనేవారు. చార్మినార్ దగ్గర బేరం కుదరకపోయినా చేయెత్తి ఆదాబ్ చెప్పే వచ్చేవారు. మోకాళ్లు ఎంత నొప్పిగా ఉన్నా, సిటీ బస్సులో ఆడవాళ్లు నిలబడి ఉంటే కూర్చునేవారు కాదు. మా అబ్బాయికి ఈ మాట చెబితే "అంటే వయసులో పెద్దా?" అన్నాడు. ఎలా చెప్పను?

జవాబు (కాచిగూడ):
వయసు కాదండీ, పాతికేళ్ల కుర్రాడినీ అనొచ్చు. గొంతు పెంచకపోవడం, ఎదుటివాడి పరువు తీయకపోవడం, అన్నిటికంటే మాట మీద నిలబడటం. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం పేరులో ఉన్నదీ ఇదే. మాటకు కట్టుబడాలనే కదా ఆ పేరు! అన్నట్టు, ఆడపిల్ల "పెద్దమనిషి అయింది" అంటే అర్థం పూర్తిగా వేరు, రజస్వల అయిందని. బాబుకు అది కూడా చెప్పండి, ఎక్కడైనా పొరబడతాడు.

జవాబు (టోలిచౌకి):
మా వైపు "తెహజీబ్ ఉన్నవాడు" అంటాం, అంటే మర్యాద, సంస్కారం ఉన్నవాడని. ఆ అరబీ మాట మూలంలో కొమ్మలు కత్తిరించి చెట్టును తీర్చిదిద్దడం అనే అర్థం ఉంది. అయితే అది ఆడవాళ్లకూ వాడతాం.

మలక్‌పేట:
చాలా థ్యాంక్స్ అండీ. కొమ్మల సంగతి మావాడికి వెంటనే ఎక్కింది. తాతయ్య మా పెరట్లో జామచెట్టు కత్తిరించడం వాడు చూశాడు.