సమస్య: పారిపోవువాడె బంటు గాదె

నిర్వాహకుడు:
నిన్న సాయంత్రం మైపాడు ఒడ్డున ఒక రైతు పక్కన కూర్చున్నాను. రెండు రొయ్యల చెరువుల్లో ఒకదానికి వైట్ స్పాట్ తెగులు తగిలి, నెలన్నరకే పట్టుబడి చేసేశాడట. గంటసేపు అలల వంకే చూశాడు. తర్వాత ప్యాంటుకంటిన ఇసుక దులుపుకుని, "ఏరేటర్లు వేసే టైమయింది" అని, చెరువు నీటికి గాలి పట్టించే ఆ యంత్రాల కోసం లేచాడు. నేను బండెక్కేసరికి ఈ పాదం వచ్చేసింది. బంటు అంటే ఇక్కడ వీరుడు. ఇది చివరి పాదంగా, ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి. కానివ్వండి.

కొత్తపట్నం కుర్రోడు:
అప్పులోళ్ళు గుమ్మమందె కూర్చున్నను
గంటసేపు కడలి కడను గడిపి
తిరిగి వచ్చి మరల ధీరుడై నిల్చినన్
పారిపోవువాడె బంటు గాదె

కావలి మాస్టారు:
రెండో పాదం నాలుక మీద ఆడుతోంది అబ్బయ్యా. 'అప్పులోళ్ళు' కూడా ఉండనీ, 'ఋణదాతలు' అంటే ఆ గుమ్మం మనది కాకుండా పోతుంది. మూడో పాదంలోనే జారావు. తిరిగి వచ్చాక మళ్ళీ 'మరల' దేనికి? అది చిన్నది. 'నిల్చినన్' మీద 'పారి' ఎట్లా వస్తుంది? చివరి నకారం ద్రుతం కదా, దాని తర్వాత 'ప' 'బ' అవుతుంది, 'బారి' కావాలి. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదు కాబట్టి ఇలా మార్చు:
తిరిగి వచ్చి చెరువు తీరాన నిలిచెడి
ధీరుడని చెప్పే పని కూడా లేదు. ఆ స్థితిలో చెరువు గట్టున నిలబడ్డాడంటే చాలు.

పెన్న ఒడ్డు:
సవరణ బాగుంది. కానీ మాస్టారూ, నిరుడు రొట్టెల పండుగ మీద సమస్య ఇచ్చినప్పుడు మీ పూరణలో 'చేయగ' తర్వాత 'కోరి' అని ఉంది. అదే ద్రుతం లెక్కన 'గోరి' కావాలని అప్పుడే రాశాను. ఇవాళ్టికీ జవాబు లేదు. కుర్రోడికొక నియమం, మనకొకటీనా? సరే, నా పూరణ:

ఫోను నొక్కుకొనుచు బొద్దుపుచ్చుట గాదు
పెన్న యిసుక దిబ్బ పీట జేసి
చుక్కలెంచి యెంచి సొక్కియుండగ దల
పారిపోవువాడె బంటు గాదె

కావలి మాస్టారు:
నిరుటిది తప్పే, ఒప్పుకుంటున్నా. ఇక మీది. 'దల'కు 'పారిపోవు' కలిపి 'తలపు ఆరిపోవువాడె' అన్న విరుపు చూసి కుర్చీలోంచి లేచాను, అది నిజం. కానీ అట్లా విడగొట్టాక పాదం మొదట మిగిలేది 'ఆ' అక్షరం. దానికి 'బం'తో యతి, అంటే అక్షరమైత్రి, ఎక్కడ కుదిరింది?

పెన్న ఒడ్డు:
అఖండయతి, సంధిని విడగొట్టకుండా కలిసిన అక్షరానికే యతి చూడడం. ఒప్పుకునేవాళ్ళున్నారు.

కావలి మాస్టారు:
ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి.

ఉదయగిరి టీచరమ్మ:
యతి సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నాకు 'ఫోను నొక్కుకొనుచు' అన్న మొదటి పాదం గుచ్చుకుంది అన్నా. మా అత్తమ్మకి పక్షవాతం వచ్చి మూడేళ్ళు. రాత్రి ఆమెకు పక్క మార్చి, మందులేసి, ఆమె కన్ను మూతపడ్డాక వంటింటి గట్టు మీద కూర్చుని అరగంట పాత పాటలు వింటాను, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని. రెండో చెవి ఆమె పిలుపు కోసం. ఆ అరగంట లేకపోతే తెల్లారి ఆమె మీద విసుక్కుంటాను, అది నాకు తెలుసు. ఇల్లు వదిలి రాలేనివాళ్ళకి ఆ ఫోనే పెన్న ఒడ్డు. పొద్దుపుచ్చడమని తీసిపారేయకండి.

నిర్వాహకుడు:
ఈ మాట కోసమే పాదం ఇచ్చాననిపిస్తోంది. తిక్కన మన నెల్లూరువాడు, భారతాన్ని అందుకున్నది విరాటపర్వంతో. అందులో కథ ఏంటి? అయిదుగురు వీరులు పేర్లు మార్చుకుని ఏడాదిపాటు తలదాచుకోవడం! ఉత్తరుడైతే కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తాడు. బృహన్నల వెంటబడి పట్టుకుని, తిట్టి వదిలేయలేదు. పగ్గాలు చేతికిచ్చి వెనక్కి తోలించాడు. పరుగెత్తినవాణ్ణి అట్లా చూడాలి. టీచరమ్మా, మీ చేతిలో ఒక పూరణ ఉంది, రాయండి.

ఉదయగిరి టీచరమ్మ:
నాకు గణాలు కుదరవు సార్. చదువుతాను, అంతే.

పెన్న ఒడ్డు:
నా మొదటి పాదం వెనక్కి తీసుకుంటున్నా. మా ఇంట్లో అట్లా మంచం పట్టినవాళ్ళు లేరు, అందుకే తట్టలేదు. ఇది మీకోసం చెల్లెమ్మా:

ఫోనులోని పాట పొద్దుపోయినవేళ
పెన్న యిసుక దిబ్బ పీట జేసి

మిగతా రెండు పాదాలు ఉన్నట్టే ఉంచండి. చుక్కలు వంటింటి కిటికీలోంచి కూడా కనపడతాయి.

కొత్తపట్నం కుర్రోడు:
మాస్టారి సవరణ తీసుకున్నాను. అన్నా, ఈ కొత్త పాదం ముందు మా అందరివీ తేలిపోయాయి.

కావలి మాస్టారు:
నాకూ అంతే. రెండుసార్లు పైకి చదివాను, మా ఇంటావిడ వచ్చి ఎవరు రాశారని అడిగింది. నాలుగో పాదంలో యతి మాత్రం అట్లాగే ఉంది.