‘ముక్షీయ’ అంటే ‘విడిపించు’ అనేనా?

నిన్న ఇక్కడ మృత్యుంజయ మంత్రానికి ఒక మాస్టారు అర్థం రాశారు: “దోసపండును తీగ నుంచి విడిపించినట్టు నన్ను మృత్యువు నుంచి విడిపించు.” భావం అందుతుంది, తప్పు పట్టడం లేదు, కానీ ఆ క్రియ దగ్గర కాస్త ఆగాలి.

మంత్రంలోని ‘ముక్షీయ’ ఉత్తమ పురుష (‘నేను’) ఏకవచనం, ఆత్మనేపదం, అంటే ఫలితం తనకే చెందే క్రియారూపం. ‘నువ్వు విడిపించు’ కాదు, ‘నేను విడివడుదును గాక’. విడిపించడం ఇంకొకరు చేసేది, విడవడం మనం చేసేది, విడివడటం సమయం వచ్చాక దానంతట అది జరిగేది. ఋగ్వేదం 7వ మండలంలోని ఈ మంత్రం కోరుతున్నది ఆ మూడోదే. మృత్యువు నుంచి విడివడాలి, ‘మా అమృతాత్’, అమృతం నుంచి మాత్రం కాదు.

దోసపాదు చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. పచ్చికాయని మెలిపెట్టి లాగాలి, ఒక్కోసారి తీగ కూడా చిరిగి వచ్చేస్తుంది. బాగా పండినదానికి తొడిమ చుట్టూ సన్నటి పగులు కనిపిస్తుంది, వేలు తగిలితే చాలు, పండు నేల మీదే ఉండిపోతుంది.

మనుషుల్లోనూ అంతే. మా తాతయ్య ఆసుపత్రి మంచం మీద కూడా గట్టు తగాదా గురించే అడుగుతూ పోయారు, ఆ టెన్షన్ చూసి తట్టుకోలేకపోయాం. అమ్మమ్మ అలా కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఉన్న చివరి ఏళ్లలో, ఒక ఏడు ఆవకాయ కలపడం అమ్మకి వదిలేసి ఉప్పు చూడటానికి మాత్రం వచ్చింది, ఆ పై ఏడు ఉప్పు కూడా చూడలేదు, “మీరెలా కలిపితే అలా తింటా” అంది. అది నీరసం కాదు, ముద్ద నోట్లో పెట్టుకుని “బాగుంది” అని మళ్లీ వడ్డించుకుంది.

కామెంట్: అన్నా, ‘వదులుకోవడం’ అంటే సరిపోదా?

నా జవాబు: అందులో నష్టం వినిపిస్తుంది తమ్ముడూ. ఉద్యోగం వదులుకున్నాడు, వాటా వదులుకున్నాడు అంటాం. ఉత్త ‘వదులు’ అయితే నాకు ఇష్టం. అమ్మమ్మ ఉంగరం వదులైపోతే దారం చుట్టిస్తానన్నాను, “జారితే జారనీరా” అంది.

కామెంట్: బాబూ, విజయవాడ నుంచి రాస్తున్నాను. శుక్ల యజుర్వేదం 3వ అధ్యాయం 60వ మంత్రంలో పెళ్లికాని పిల్లలు చెప్పే పాఠం కూడా ఉంది చూడు. ‘పుష్టివర్ధనం’ (పుష్టిని పెంచేవాడు) బదులు ‘పతివేదనం’ (భర్తను పొందించేవాడు), చివర ‘ఇతో ముక్షీయ మాముతః’. ఇక్కడి నుంచి విడివడాలి, అక్కడి నుంచి కాదు. అంటే పుట్టింటి నుంచి విడివడాలి, అత్తింటి నుంచి కాదు.

నా జవాబు: అక్కా, ఇది చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. అత్తింటికి వెళ్లే పిల్లకీ, చావును తలుచుకునేవాళ్లకీ ఒకటే దోసపండు! మనకైతే అప్పగింతల్లో పిల్ల చేతులు పాలల్లో ముంచి అత్తవారి చేతుల్లో పెడతారు కదా. అమ్మమ్మ పోయే ముందు రోజు మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి మా చేతులు అమ్మ చేతిలో పెట్టింది. ఏళ్ల తరబడి బొడ్డున దోపుకున్న బీరువా తాళాల గుత్తి దిండు పక్కనే ఉంది, దానివైపు చూడను కూడా లేదు.