అప్‌డేట్: అమ్మమ్మ సంవత్సరీకానికి చివరికి ఏం చేశామంటే

పోయిన నెల అడిగాను కదా, అమ్మమ్మ సంవత్సరీకానికి పెద్ద ఫ్లెక్సీ కట్టడం కాకుండా ఇంకేం చేస్తే బాగుంటుందని. వచ్చినవాళ్ల చేత తలా ఒక జ్ఞాపకం చెప్పించి ఫోన్‌లో రికార్డు చెయ్యమన్నారు ఒకరు. అదే చేశాం.

భోజనాలయ్యాక మొదలుపెడితే ముందు ఎవరూ నోరు విప్పలేదు, నాకైతే టెన్షన్. అప్పుడు పెద్ద మావయ్య మెల్లగా 1977 నవంబర్ 19 గురించి ఎత్తాడు, అంటే దివిసీమ ఉప్పెన రాత్రి. నీళ్లు ఇంట్లోకి దూసుకొస్తుంటే అమ్మమ్మ పాత చీర చింపి ఇద్దరు పిల్లల్ని ఒంటికి కట్టుకుని, మావయ్యని రెక్క పట్టి ఈడ్చుకుంటూ పక్కవాళ్ల డాబా ఎక్కిందట. ఆ కట్టుకున్న ఇద్దరిలో చిన్నది మా అమ్మ, అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఈ సంగతి అమ్మకే సరిగ్గా తెలియదు!

అమ్మమ్మ అటక మీద ఎప్పుడూ ఒక బియ్యం బస్తా, అగ్గిపెట్టెలు కట్టిన ప్లాస్టిక్ సంచి ఉండేవి. మనవలం అందరం నవ్వేవాళ్లం. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆవకాయ కొలతలు రాసి పెట్టుకోమన్న సలహా మాత్రం పారలేదు. ఆవిడ అంతా చేతి లెక్కే. ఆవపిండి ఎంతన్న దగ్గర అమ్మా పిన్నీ పోట్లాడుకున్నారు, అదీ రికార్డయింది.

మావయ్య తను ఏడ్చిన ముక్క తీసెయ్యమన్నాడు. తియ్యలేదు.