అద్దె ఆర్‌వీలో షెనండోవా వెళ్తున్నాం, ఏ గ్రిల్ కొనమంటారు?

ఎడిసన్ కోడలు:
అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో ఆకులు రంగు తిరిగే టైమ్‌కి న్యూజెర్సీలోని మా ఎడిసన్ నుంచి వర్జీనియాలోని షెనండోవా పార్క్‌కి వెళ్తున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. పెద్దవాళ్లతో టెంట్ల గోల ఎందుకని క్లాస్ సీ మోటార్‌హోమ్ (పడకలు, వంటిల్లు లోపలే ఉండే ఆర్‌వీ బండి) అద్దెకి మాట్లాడాం. బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు దొరికింది. ఆర్‌వీలో వెళ్లడం మాకు ఇదే మొదలు.

ఇప్పుడు ఇంట్లో గ్రిల్ మీద పంచాయితీ నడుస్తోంది. మావారికి బొగ్గుల మీద కాల్చిన చికెన్ కావాలి. అత్తయ్య నీచు ముట్టరు, నీచు తగిలిన జాలీ మీద వంకాయ కూడా పెట్టనివ్వరు. (మామయ్య ఆవిడ చూడనప్పుడు లాగిస్తారు, అది వేరే కథ.) పిల్లలకి మొక్కజొన్న పొత్తులు, పనీర్ చాలు.

నేను చూసినవి మూడు: వెబర్ క్యూ 1200, కోల్‌మన్ రోడ్‌ట్రిప్ 285, బ్లాక్‌స్టోన్ 22 అంగుళాల గ్రిడిల్ (జాలీ బదులు పెద్ద పెనం ఉండేది). మాది అపార్ట్‌మెంట్, బాల్కనీలో గ్రిల్ పెట్టనివ్వరు. కాబట్టి ట్రిప్ అయ్యాక అది కోట్ల క్లోజెట్‌లో పట్టాలి. బడ్జెట్ 250 డాలర్లు, కాస్త అటూ ఇటూ. ఇంట్లో కరెంటు గ్రిల్ ఒకటి ఉంది, దాన్నే పట్టుకెళ్తే పోలా అని కూడా ఒక ఆలోచన. ఆర్‌వీలో ఎలాగూ గ్యాస్ ఉంటుందిగా, గ్రిల్‌ని దానికే తగిలించుకోవచ్చా?

డాలస్ దోశ:
బ్లాక్‌స్టోన్ కళ్లు మూసుకుని తీసుకోండి. పొద్దున దోశ, మధ్యాహ్నం ఎగ్ బుర్జీ, రాత్రి చికెన్, అన్నీ దాని మీదే అయిపోతాయి. మేం టెక్సాస్‌లో ఎక్కడికెళ్లినా అదే. ఒక్కసారి నూనె పట్టించి పెనం కాల్చుకుంటే చాలు, అట్టు అంటుకోమన్నా అంటుకోదు.

రిచ్‌మండ్ బాబాయ్:
అమ్మా, బ్రాండ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకుంటే సగం తలనొప్పి అక్కడే వదులుతుంది. మాకు చిన్న ట్రైలర్ ఉంది, మీ పిన్నికీ నాకూ ఆ కొండలు పెరటి దారి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

కరెంటు గ్రిల్ ఇంట్లోనే ఉంచెయ్. షెనండోవా క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్‌లు ఉండవు. కరెంటు లేదు, నీళ్ల కనెక్షన్ లేదు. జనరేటర్ వేసుకోవాలన్నా దానికి వేళలున్నాయి. రెండు పనీర్ ముక్కల కోసం జనరేటర్ బర్రుమనిపిస్తే చుట్టుపక్కల వాళ్లు చూసే చూపులకి తిన్నది అరగదు.

ఇక ఆర్‌వీ గ్యాస్. మాలాంటి ట్రైలర్లకి ముందు భాగంలో సిలిండర్ ఉంటుంది, విప్పి తీసుకోవచ్చు. మీరు తీసుకునే మోటార్‌హోమ్‌కి అలా కాదు, ట్యాంకు బండి అడుగున బిగించేసి ఉంటుంది. కొన్ని బళ్లకి బయటి పక్క గ్రిల్ కోసం క్విక్ కనెక్ట్ అని చిన్న నాజిల్ ఇస్తారు, కొన్నిటికి అసలుండదు. ఉంటే మాత్రం ఒక తిరకాసుంది. అక్కడికి వచ్చే గ్యాస్‌ని బండి రెగ్యులేటర్ అప్పటికే 11 అంగుళాల వాటర్ కాలమ్ ప్రెషర్‌కి తగ్గించేసి పంపిస్తుంది. అంటే చదరపు అంగుళానికి అర పౌండు ప్రెషర్ కూడా ఉండదు. షాపులో కొనే చిన్న గ్రిల్స్‌కి వాటి సొంత రెగ్యులేటర్ వేరే ఉంటుంది, అది సిలిండర్ నుంచి వచ్చే పూర్తి ప్రెషర్‌కి తయారు చేసింది. రెండూ ఒకదాని వెనక ఒకటి పడితే మంట మినుకు మినుకుమంటుంది. అరగంటైనా జాలీ వేడెక్కదు. గ్రిల్ పాడైందనుకుని వెనక్కిచ్చేసే వాళ్లలో చాలామంది బాధ ఇదే. గ్రిల్ రెగ్యులేటర్ తీసేసి వేరే గొట్టం వేసుకుంటారు కొందరు. సొంత బండికైతే సరే, అద్దె బండి మీద ఆ ప్రయోగాలు వద్దు. మీకు ఆకుపచ్చగా ఉండే ఒక పౌండు ప్రొపేన్ సీసాలే గతి, అవే సుఖం కూడా.

ఆ సీసాల లెక్క చూస్తే నీ మూడింట్లో ఏది నిలుస్తుందో తెలిసిపోతుంది. పౌండు ప్రొపేన్‌లో సుమారు 21,600 బీటీయూల (వేడిని కొలిచే లెక్క అది) వేడి ఉంటుంది. క్యూ 1200 గంటకి 8,500 తాగుతుంది, అంటే పూర్తి మంట మీద రెండున్నర గంటలు. రోడ్‌ట్రిప్ 285 మూడు బర్నర్లూ కలిపి 20,000, గంట దాటగానే సీసా ఖాళీ. బ్లాక్‌స్టోన్ 22 అయితే 24,000, గంట కూడా రాదు. వాళ్లు డబ్బా మీద బీటీయూలు పెద్దక్షరాల్లో వేసుకుంటారు, మనమేమో అదే గొప్పనుకుంటాం. మూత ఉండి, పోత అల్యూమినియం ఒళ్లున్న చిన్న గ్రిల్‌లో 8,500 కూడా చికెన్‌ని చక్కగా కాలుస్తుంది. రోడ్‌ట్రిప్ మంచి సరుకే, కాదనను. కానీ చక్రాలూ కాళ్లూ మడిచినా మీ కోట్ల క్లోజెట్‌లో కోట్లకి చోటుండదు.

నా ఓటు క్యూ 1200కి, అదీ నీచుకి మాత్రమే. దాని జాలీ రెండు ముక్కలుగా వస్తుంది, ఒక ముక్క తీసి ఆ సగంలో గ్రిడిల్ పెట్టుకునే ఏర్పాటు కూడా అమ్ముతారు. ఈ పక్క చికెన్, ఆ పక్క పనీర్ అని షాపువాడు చెప్తాడు. మీ అత్తగారి ముందు ఆ మాట అనకు తల్లీ, ఒకే మూత కింద ఒకే పొగ. ఆవిడకి వేరే పొయ్యి పెట్టు. రెండు బర్నర్ల ప్రొపేన్ క్యాంప్ స్టవ్ ఒకటి తీసుకో, ఇవే సీసాలు దానికీ సరిపోతాయి, గ్రిల్‌తో పోలిస్తే చాలా చవక. దాని మీద ఇంటి దోశ పెనం పెట్టుకోవచ్చు, వంకాయ నేరుగా మంట మీద తిప్పి కాల్చుకోవచ్చు. రెండూ కొంటే నీ బడ్జెట్ కొంచెం దాటచ్చు, కానీ ఇంట్లో శాంతికి అది పెద్ద ఖర్చేం కాదు. బండి లోపల స్టవ్ ఉంటుంది కదా అనుకుంటావేమో. అందులో వంకాయ కాల్చావంటే స్మోక్ అలారం క్యాంప్‌గ్రౌండ్ మొత్తాన్నీ లేపుతుంది.

మీవారి బొగ్గుల ముచ్చట కూడా తీర్చచ్చు, దానికి బొగ్గుల గ్రిల్ కొనక్కర్లేదు. బిగ్ మెడోస్ సైట్లలో నెగడు కోసం ఇనప రింగు, దాని మీద జాలీ వాళ్లే పెట్టి ఉంచుతారు. ఒక బస్తా బొగ్గులు, వాటిని అంటించే చిమ్నీ డబ్బా ఒకటి పట్టుకెళ్తే చాలు. జాలీ మీద అల్యూమినియం ఫాయిల్ పరుచుకోండి, ముందు రోజు ఎవరేం కాల్చారో మనకి తెలీదు. బొగ్గుల గ్రిల్‌తో అసలు చిక్కు తిన్న తర్వాతే. ఆ నిప్పులు చల్లారడానికి గంటలు పడుతుంది, వేడి బూడిదతో దాన్ని బండిలో పెట్టలేం, బయట వదిలెయ్యలేం. కట్టెలు మాత్రం న్యూజెర్సీ నుంచి మోసుకెళ్లద్దు. చెట్లని తినే పురుగులు వస్తాయని బయటి కట్టెల్ని రానివ్వరు, వేడి చేసి ముద్ర వేసిన ప్యాకెట్లైతేనే ఒప్పుకుంటారు.

డాలస్ దోశ:
బాబాయ్ గారూ, గ్రిడిల్‌కి సీసా చాలదంటారు సరే. అడాప్టర్ గొట్టం వేసి 20 పౌండ్ల సిలిండర్ పెట్టుకోవచ్చుగా? మేం అదే చేస్తాం.

రిచ్‌మండ్ బాబాయ్:
పికప్ ట్రక్ ఉంటే పెట్టుకో నాయనా, బ్రహ్మాండంగా ఉంటుంది. అద్దె మోటార్‌హోమ్‌లో ఆ సిలిండర్ ఎక్కడ పెడతారు? పిల్లలు కూర్చునే చోటా? పైగా బిగ్ మెడోస్ 3,500 అడుగుల ఎత్తున్న మైదానం, సాయంత్రం గాలి లేచిందంటే గ్రిడిల్ కింద నుంచి వేడంతా ఊడ్చుకుపోతుంది. అట్టు నడుమ తెల్లగా, అంచు మాడిపోయి వస్తుంది. నీకు టెక్సాస్‌లో ఈ బాధ లేదేమో.

బాల్టిమోర్ బావ:
గ్రిల్ సంగతి బాబాయ్ చూసుకుంటారు, నాది రూటు సంగతి. ఎడిసన్ నుంచి అంటే జీపీఎస్ మిమ్మల్ని ఐ-95 హైవే మీద బాల్టిమోర్ టన్నెల్‌లోకి తోస్తుంది. అక్కడ ఒక్కో ట్యాంకులో 10 పౌండ్లకి మించి ప్రొపేన్ ఉంటే ఐ-95 టన్నెల్, ఐ-895 టన్నెల్ రెండూ నిషేధం. మోటార్‌హోమ్ ట్యాంకు అంతకంటే పెద్దదే. ఇదివరకు ఆర్‌వీల వాళ్లు కీ బ్రిడ్జి మీదుగా పోయేవాళ్లు, అది 2024 మార్చిలో ఓడ గుద్ది కూలిపోయింది. ఇప్పుడు ఊరి చుట్టూ ఉండే ఐ-695 మీద పడమటి వైపు చుట్టు తిరగాలి. దానికంటే అసలు ఇటు రాకండి. ఐ-78 పట్టుకుని హారిస్‌బర్గ్ వైపు వచ్చి, అది ఐ-81లో కలిశాక దాని మీద దక్షిణానికి దిగిపోండి. చూడ్డానికీ బాగుంటుంది.

రిచ్‌మండ్ బాబాయ్:
మంచి మాట గుర్తు చేశాడు. దానికి ఇంకొకటి కలుపుతా. పార్క్ లోపలి స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మీద మేరీస్ రాక్ టన్నెల్ ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు. ఉత్తరాన ఫ్రంట్ రాయల్ గేటు వైపు నుంచి వస్తే బిగ్ మెడోస్‌కి ముందే అది తగులుతుంది. బండి ఎత్తు ఎంతో అద్దెకిచ్చేవాణ్ని అడిగి, పైనున్న ఏసీతో కలిపి చెప్పమను. అనుమానంగా ఉంటే ఐ-81 మీద హారిసన్‌బర్గ్ దాకా వచ్చి, 33వ నంబర్ రోడ్డు మీద స్విఫ్ట్ రన్ గ్యాప్ గేటు దగ్గర పైకెక్కండి. టన్నెల్ తగలదు.

ఎడిసన్ కోడలు:
బాబాయ్ గారూ, బావగారూ, చాలా థాంక్స్! టన్నెల్ సంగతి తెలీకపోతే మా పని అయ్యేది. గ్రిల్, స్టవ్ రెండూ తీసుకుంటున్నాం. ఇంకో మూడు సందేహాలు. ఒకటి, మా ఇంట్లో ఏషియన్ స్టోర్‌లో కొన్న బ్యూటేన్ స్టవ్ ఉంది, పొడుగు డబ్బా పెట్టేది. క్యాంప్ స్టవ్ బదులు అది సరిపోదా? రెండు, వానొస్తే ఆనింగ్ (బండి పక్కకి చాచే గుడ్డ పందిరి) కింద గ్రిల్ పెట్టుకోవచ్చా? మూడు, పెరుగూ కారం పట్టించిన చికెన్ ఎప్పుడూ జాలీకి అతుక్కుని చర్మం ఊడొస్తుంది, దానికేమైనా చిట్కా ఉందా?

రిచ్‌మండ్ బాబాయ్:
బ్యూటేన్ స్టవ్ ఇంట్లో హాట్‌పాట్‌కి బాగుంటుంది. కానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, అంతకు ముందు నుంచే నీరసపడుతుంది. అక్టోబర్‌లో కొండ మీద తెల్లవారుజామున చలి అంతదాకా పోవచ్చు. సరిగ్గా మీ మామగారు కాఫీ అడిగే వేళకి మంట ఆరిపోతుంది. ప్రొపేన్‌కి మైనస్ 42 సెల్సియస్ దాకా ఢోకా లేదు.

ఆనింగ్ కింద వద్దే వద్దు. గుడ్డ కాలడం ఒక ఎత్తు, కిటికీలోంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోవడం ఇంకో ఎత్తు, దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. బండి పక్క గోడకి కూడా దూరంగా ఉంచు. పక్క సైట్‌లో ఒకాయన గోడకి ఆనించినట్టు పెట్టి చేపలు కాల్చాడు, మూత తీసేసరికి బండి మీది స్టిక్కర్ బుడగలు లేచి ముడుచుకుపోయింది. అద్దె బండికైతే డిపాజిట్‌కి నీళ్లొదులుకోవాలి. సైట్‌లో కర్ర బల్ల ఉంటుంది, గాలికి అడ్డు చూసుకుని దాని చివర పెట్టుకోండి.

ఇక చికెన్. ఎముకల్లేని తొడ ముక్కలు తీసుకో, కాళ్లు వద్దు, చిన్న గ్రిల్ మీద పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ముందు రోజు రాత్రే ఇంట్లో మసాలా పట్టించి జిప్ కవర్లలో గట్టిగా మూసి ఐస్‌లో పెట్టు. అక్కడికెళ్లాక మూత వేసి, ఫుల్ మంట మీద ఖాళీ జాలీని ఒక పావుగంట కాలనివ్వు. ముక్క మీద పెరుగు ముద్దలా ఉంటే చేత్తో దులిపేసి, జాలీకి కాదు, ముక్కకి నూనె రాయి. పెట్టాక కదపద్దు. పటకారుతో కొస పట్టుకుని లేపితే తనంతట తనే ఊడొస్తుంది, రాకపోతే ఇంకా కాలలేదని అర్థం. బలవంతంగా లాగావా, మసాలా అంతా జాలీకే. నడుమ మాంసంలో థర్మామీటర్ గుచ్చితే 165 ఫారన్‌హీట్ చూపించాలి. నిమ్మకాయ దింపాకే పిండుకో.

తినడం అయ్యాక జాలీ వేడిగా ఉన్నప్పుడే బ్రష్ కొట్టి, కింద నూనె పడే ట్రే తీసి మూట కట్టి ఎలుగుబంట్లు తెరవలేని చెత్త డబ్బాలో వెయ్యండి. చల్లారాక గ్రిల్‌నీ లోపల పెట్టాల్సిందే, రాత్రి బల్ల మీద వదిలేస్తే నల్ల ఎలుగు రావచ్చు, దానికంటే ముందు రేంజర్ వస్తాడు.

బండి కదిలేటప్పుడు మాత్రం సీసాని గ్రిల్ నుంచి విప్పి మూత పెట్టెయ్యాలి, మర్చిపోవద్దు.

డాలస్ దోశ:
ఖాళీ సీసాలు నింపుకోవచ్చని యూట్యూబ్‌లో చూశా, నిజమేనా?

రిచ్‌మండ్ బాబాయ్:
వాడి పారేసేవి నింపడానికి తయారు చేసినవి కావు, సీసా మీదే నింపద్దని రాసి ఉంటుంది చూడు. నింపుకునే రకం వేరే అమ్ముతారు, ఫ్లేమ్ కింగ్ లాంటివి. కాలిఫోర్నియాలో 2028 జనవరి నుంచి పారేసే రకం అమ్మకమే ఆపేస్తున్నారు. ఖాళీవి మామూలు చెత్తలో వెయ్యకూడదు, క్యాంప్‌గ్రౌండ్‌లో వాటికి వేరే డబ్బా ఉందేమో అడగండి. లేకపోతే ఇంటికి తెచ్చుకుని మీ కౌంటీ ప్రమాదకర చెత్త తీసుకునే రోజున ఇచ్చెయ్యండి.

ఎడిసన్ కోడలు:
గ్రిల్, స్టవ్ ఆర్డర్ పెట్టేశాం. అద్దె వాళ్లకి ఫోన్ చేస్తే ఎత్తు 12 అడుగులకి కొంచెం తక్కువన్నారు, అయినా 33వ నంబర్ రోడ్డు మీదుగానే వెళ్తామని మావారు. స్టవ్ మీద తన పెనం తప్ప ఇంకేదీ పెట్టకూడదని అత్తయ్య అప్పుడే చెప్పేశారు. బాబాయ్ గారూ, వంకాయలు తెల్లవా, నల్లవా, ఏవి కాల్చడానికి బాగుంటాయని అడగమన్నారు.

రిచ్‌మండ్ బాబాయ్:
నల్లవి, బాగా లావుపాటివి. కాల్చే ముందు నూనె రాసి నాలుగు చోట్ల గాటు పెట్టమను, లేకపోతే పేలుతుంది.