హన్మకొండలో తిరగడానికి డీజిల్ తీసుకోవాలా, పెట్రోలా?

ప్రశ్న:
అన్నలూ, ఆన్‌రోడ్ 13 లక్షల దాకా పెట్టగలను. ఉండేది నయీంనగర్, రోజూ పాపను స్కూల్లో దింపి కాజీపేట ఆఫీసుకు పోవాలి. నెలకోసారి హైదరాబాద్, అప్పుడప్పుడు ములుగు అవతల మా అత్తగారి ఊరు. అంతా కలిపినా నెలకు 700 కిలోమీటర్లు దాటదు. షోరూంలో మైలేజీ, పికప్ బాగుంటాయని డీజిలే తీసుకోమంటున్నారు, సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ మీద డిస్కౌంట్ కూడా ఇస్తామన్నారు. మా బావేమో డీజిల్ బండి పదేళ్లకు తుక్కు అంటున్నాడు. ఏం చేయమంటారు?

కాజీపేట స్టీరింగ్:
బ్రదర్, పదేళ్ల రూలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్‌లో, మన దగ్గర కాదు. ఆ భయం వదిలేయండి. కానీ మీకు డీజిల్ వద్దు, కారణం వేరే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ రూల్సు వచ్చినప్పటి నుంచి డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసి అందులో చేరుతుంది, నిండే కొద్దీ దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేయాలి, అది సాఫీగా జరగాలంటే బండి ఆగకుండా ఓ ఇరవై నిమిషాలు హైవే మీద పోవాలి. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఆగుతూ ఆగుతూ పోయి ఇంజిన్ ఆపేస్తే ఆ కాల్చడం సగంలోనే ఆగిపోతుంది. మళ్లీ మళ్లీ ఇట్లనే అయితే, కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అట్లాంటి బండిలో ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి, తగ్గాల్సిన ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే పలచగా ఉండి డీజిల్ వాసన వస్తుంది. దానితోనే నడిపితే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది), బేరింగులు దెబ్బతింటాయి.

డబ్బు లెక్క కూడా చూడండి. డీజిల్ వేరియంట్‌కు లక్షకు పైనే ఎక్కువ పెడతారు, మీరు తిరిగే 700 కిలోమీటర్లకు నెలకు మిగిలేది పదిహేను వందలో, పదిహేడు వందలో. పెట్టింది తిరిగి రావడానికే ఐదారేళ్లు పడుతుంది.

సన్‌రూఫ్ మాత్రం వద్దే వద్దు. మే నెలలో మన ఎండకు నెత్తి మీద అద్దం ఎందుకండీ? కంపెనీల మీద నాకు అసలు కోపం ఇక్కడే, జనం షోరూంలో చూసి మురిసిపోయే వాటి మీదే ఖర్చు పెడుతున్నారు. ఏసీ ఫ్యాన్ తగ్గించాలన్నా స్క్రీన్‌లో వెతకాలి. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, రెండు సెకన్లు కళ్లు స్క్రీన్ మీద పెడితే 44 మీటర్లు రోడ్డు చూడనట్టే. యూరప్‌లో 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్ లాంటివాటికి చేత్తో నొక్కే బటన్లు లేకపోతే యూరో ఎన్‌క్యాప్ అనే కార్ల సేఫ్టీ టెస్టులో పూర్తి మార్కులు ఇవ్వడం లేదు. మన దగ్గరా అది రావాలి.

ట్యాక్సీ అన్న, జనగామ:
డీజిల్‌ను మరీ అంత చెడగొట్టకండి అన్నా. నాది రోజూ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు, డీపీఎఫ్ లైట్ ఎప్పుడూ వెలగలేదు, ఫుల్ లోడ్‌తో ఆలేరు, భువనగిరి దాటుతుంటే ఆ పుల్లింగ్ పెట్రోల్‌లో రాదు. పాత ఫియట్ 1.3 ఇంజిన్ స్విఫ్ట్‌లో, విస్టాలో, పుంటోలో ఎట్ల నడిపినా నడిచేది, మారుతి 2020లో దాన్ని ఆపేసినప్పుడు నిజంగా బాధేసింది. అయినా మీ రన్నింగ్‌కు పెట్రోలే కరెక్ట్.

ఒక్కటి చెప్తా, బండి కొన్నాక బయట దొరికే తెల్ల ఎల్‌ఈడీ బల్బులు మాత్రం వేయించకండి. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అవి పెడితే లైటు ఎటుపడితే అటు చెదిరిపోతుంది, డిమ్‌లో పెట్టినా ఎదుటోడి కళ్లలోనే కొడుతుంది. రాత్రి హైవే మీద మాకు సగం టెన్షన్ వీటితోనే.

ములుగు రోడ్డు:
మీ అత్తగారి ఊరి దారి మాది. వడ్ల సీజన్‌లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, వడ్లు ఎత్తుకుపోయాక కూడా కొన్నిచోట్ల ఆ రాళ్లు అట్లనే ఉంటాయి. రైతుకు కల్లం లేకపాయె, ఆయన్ని తిట్టి లాభం లేదు, ఊరూరా కల్లాలు కట్టించాలి. ఇక ఎనుమాముల మార్కెట్‌కు పత్తితో పోయే ట్రాక్టర్ ట్రాలీలకు వెనక లైటు ఉండదు, కనీసం రెడ్ రిఫ్లెక్టర్ టేపైనా ఉండదు. డిమ్ లైట్‌లో అది కనబడేసరికి దగ్గరకు వచ్చేస్తాం. అందుకే ఆ రోడ్డు మీద రాత్రి 60 దాటకండి, సన్‌రూఫ్ పైసలు మంచి టైర్లకు పెట్టండి. పాపకు వెనక సీట్లో చైల్డ్ సీట్ పెట్టించండి, పెద్దవాళ్లూ వెనక బెల్టు పెట్టుకోవాలి. మన దేశపు కార్ల సేఫ్టీ టెస్టు భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ఇచ్చేది బొమ్మలకు బెల్టు పెట్టి, ముందు నుంచి 64 కిలోమీటర్ల స్పీడులో గుద్దించి. బెల్టు లేకుండా 110లో పోయేవాళ్లకు ఆ స్టార్లు ఏం కాపాడతాయి?

ప్రశ్న వేసినవారు:
మస్తు థాంక్స్ అన్నలూ, పెట్రోలే ఫిక్స్. టర్బో ఇంజినా, మామూలు 1.2 లీటర్ ఇంజినా?

కాజీపేట స్టీరింగ్:
సిటీ వరకైతే మామూలుదే చాలు, మెయింటెనెన్స్ తక్కువ. ములుగు రోడ్డులో ఇసుక లారీని దాటాలంటే టర్బో ధైర్యంగా ఉంటుంది. టెస్ట్ డ్రైవ్ ఒంటరిగా చేయకండి, ఇంట్లో అందరినీ ఎక్కించుకుని ఏసీ ఫుల్లు పెట్టి మడికొండ దాకా పోయి రండి, మీకే తెలుస్తుంది.