మొదటి టోర్నమెంట్‌కి ముందే పిల్లలకి ఫిడే రూల్స్ అన్నీ చెప్పాలా, ఆడుతూ నేర్చుకోనివ్వాలా?

బంటు నడక:
అండర్-9, అండర్-11 పిల్లల్ని మొదటిసారి చెస్ టోర్నీకి పంపే ప్రతి చోటా ఈ తగువు వస్తుంది. పావుల నడక, క్యాసిలింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం), చెక్‌మేట్ వస్తే చాలు, మిగతావన్నీ రెండు ఆటలు ఓడితే వాటంతటవే వస్తాయని కొందరంటారు. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) లాస్, అంటే ఆట నియమాల్లో 12 ఆర్టికల్సూ చదివించకుండా పిల్లని హాల్లోకి తోయడం అన్యాయమని ఇంకొందరు. నేను మొదటివాళ్ల వైపు.

ఎందుకంటే ఆ పుస్తకంలో ఆర్టికల్ 1 నుంచి 5 వరకే అసలు ఆట. 6 నుంచి 12 వరకు పోటీ నిర్వహణ: గడియారం, రాత, డ్రా క్లెయిములు, క్రమశిక్షణ. అవి చూసుకోవడానికే ఆర్బిటర్ (పోటీ రిఫరీ) ఉన్నాడు. ఎనిమిదేళ్ల పిల్ల బుర్రలో ఆర్టికల్ నంబర్లు కుక్కితే బోర్డు మీద ఎత్తు ఏం చూస్తుంది? మీరేమంటారు?

ఆర్బిటర్ బల్ల:
"ఆర్బిటర్ చూసుకుంటాడు" అన్న దగ్గరే మీ వాదన జారుతోందండీ. క్లాసికల్, అంటే ఎక్కువ సేపు సాగే ఆటలో ఆ మాట కొంతవరకు నిజం. ఇల్లీగల్ మూవ్ (రూల్ ఒప్పుకోని ఎత్తు) పది ఎత్తుల తర్వాత బయటపడినా, ఆట ఇంకా నడుస్తుంటే వెనక్కి వెళ్లి అక్కణ్ణుంచి ఆడిస్తారు. కానీ పిల్లలు మొదట ఆడేవి ఎక్కువగా ర్యాపిడ్ టోర్నీలు, అంటే ఒక్కో ఆటగాడికి 10 నిమిషాలకి ఎక్కువ, 60కి తక్కువ. వాటికి ఆ లాస్‌లోని అపెండిక్స్ ఏ (అనుబంధం) వర్తిస్తుంది.

ఆ అపెండిక్స్ ఏమంటుందంటే, ఒక ఆర్బిటర్ గరిష్ఠంగా మూడు బోర్డులు చూస్తూ, ప్రతి ఆటా ఆర్బిటరో సహాయకుడో రాస్తుంటేనే పూర్తి పోటీ రూల్స్. పిల్లల టోర్నీలో అంతమంది ఆర్బిటర్లు ఎక్కడుంటారు? ఒక్కొక్కరు ఇరవై బోర్డుల మధ్య తిరుగుతుంటారు. అప్పుడు వేరే రూల్. ఎదుటివాడు ఇల్లీగల్ ఎత్తు వేసి గడియారం నొక్కాడనుకోండి. మన పిల్ల తన తర్వాతి ఎత్తు వేసేలోపే ఆర్బిటర్ అయినా చూడాలి, పిల్ల అయినా చెప్పాలి. ఎత్తు వేసేసిందా, ఆ తప్పు ఒప్పయి కూర్చుంటుంది. ఇద్దరు ఆటగాళ్లూ వాళ్లలో వాళ్లు ఒప్పుకుంటే తప్ప సరిదిద్దడం కుదరదు.

ఇంకో విచిత్రం. రెండు రాజులూ చెక్‌లో ఉన్న బోర్డు పక్కకి ఆర్బిటర్ వచ్చాడనుకోండి, వెంటనే ఆపడు. తర్వాతి ఎత్తు పూర్తయ్యేదాకా ఆగుతాడు. అప్పటికీ బోర్డు మీద ఆ ఇల్లీగల్ స్థితి అలాగే ఉంటే డ్రా ప్రకటిస్తాడు. పైన రెండు రూక్‌లు (ఏనుగులు) ఎక్కువున్న పిల్లకి కూడా అర పాయింటే. అంచేత పిల్లకి తెలియని రూల్‌ని ఆర్బిటర్ కాపాడడు, చాలాసార్లు కాపాడే అధికారం కూడా ఉండదు.

ఏనుగు ఏడో అడ్డం:
దీనికి ఇంకోటి కలపాలి. ఇప్పటి పిల్లలు ఆట నేర్చుకునేది ఫోన్‌లో. యాప్ తప్పు ఎత్తు వేయనివ్వదు, క్యాసిలింగ్‌కి రాజుని జరిపితే ఏనుగు దానంతటదే దూకుతుంది, గడియారం దానంతటదే మారుతుంది. యాప్‌లో రేటింగ్ 1200 ఉన్న పిల్లాడు చెక్క బోర్డు ముందు కూర్చుంటే చేతులు ఏం చేయాలో తెలియక తికమక పడతాడు.

ఒక్క క్యాసిలింగే చూడండి. ముందు రాజుని పట్టుకోవాలి, రెండు గడులు జరపాలి, తర్వాత అదే చేత్తో ఏనుగుని అవతల పెట్టాలి, మళ్లీ అదే చేత్తో గడియారం నొక్కాలి. ఇందులో మూడు చోట్ల తప్పు దొర్లుతుంది:

ఏనుగుని ముందు ముట్టి తర్వాత రాజుని ముడితే ఆ ఎత్తులో ఆ వైపు క్యాసిలింగ్ లేదు. ఏనుగునే కదపాలి.

రెండు చేతులతో ఒకేసారి రెండూ జరిపి గడియారం నొక్కితే దాన్ని ఇల్లీగల్ మూవ్‌గానే లెక్కగట్టి శిక్ష వేస్తారు. పిల్లలకి ఇది చాలా ఇష్టమైన పద్ధతి, చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది.

దారిలో గడిని ఎదుటి బిషప్ కొడుతుండగా రాజుని ముట్టుకుంటే, క్యాసిలింగ్ చెల్లదు, రాజుని మాత్రం కదపక తప్పదు. రెండో వైపు క్యాసిలింగ్ చెల్లితే అదైనా చేసుకోవచ్చు. రాజుకి చెల్లే ఎత్తే లేకపోతే అప్పుడు ఏదైనా ఆడొచ్చు.

ఇవి పుస్తకం చదివితే రావు. బోర్డు మీద యాభై సార్లు చేయించాలి.

చదరంగం మాస్టారు:
ఇంత గొడవెందుకు? ర్యాపిడ్‌లో ఒక్క ఇల్లీగల్ మూవ్‌కే ఆట పోతుంది కదా. ఆ ఒక్క ముక్క గట్టిగా చెప్తే పిల్లలే ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడతారు.

ఓరుగల్లు గుర్రం:
మాస్టారూ, గది పాత రూల్. 2018 జనవరి నుంచి ర్యాపిడ్‌ల గూడ మొదటి ఇల్లీగల్ మూవ్‌కి ఎదుటోనికి రెండు నిమిషాలు కలుపుతరు, అదే పిలగాడు రెండోసారి చేస్తేనే ఆట పోతది. ర్యాపిడ్ కన్నా వేగంగ ఆడే బ్లిట్జ్‌ల కలిపేది ఒక్క నిమిషమే. రెండోసారి గూడ ఎదుటోనికి ఏ రకంగ చేసినా చెక్‌మేట్ అయ్యే అవకాశమే లేకుంటే, ఉదాహరణకి వట్టి రాజే మిగిలుంటే, డ్రా ఇస్తరు.

పాత రూల్ చెప్పి పంపిస్తే ఏమైతదో ఎరికేనా? ఎదుటోడు తప్పు ఎత్తు వేయంగనే మనోడు "గెలిచిన" అని చెయ్యి కలిపి లేస్తడు. అవతలోడు కలిపిన చేతిని రిజైన్ (ఓటమి ఒప్పుకున్నట్టు) అనుకుంటడు. ఇగ పంచాయితీ.

ఇంకోటి మర్చిపోతుండ్రు. తప్పు ఎత్తు సరిచేసేటప్పుడు గూడ టచ్ మూవ్, అంటే ముట్టిన పావే ఆడాలనే రూల్, ఉంటది. చెక్‌ల ఉండంగ గుర్రం కదిపి గడియారం కొట్టినవ్ అనుకో, గుర్రంతోని చెక్ ఆపే ఎత్తు ఉంటే గుర్రమే ఆడాలె. రాజు జరుపుతా అంటే నడువది.

ఆర్బిటర్ బల్ల:
సరిగ్గా చెప్పారు. ఇంకో చిన్న మాట: గడియారం నొక్కేదాకా ఇల్లీగల్ మూవ్ పూర్తయినట్టు కాదు. నొక్కేలోపు తనే గమనిస్తే శిక్ష లేదు, ఆ పావుతోనే చెల్లే ఎత్తు వేసుకోవచ్చు. ఎత్తు వేయకుండా ఊరికే గడియారం నొక్కినా ఇల్లీగల్ మూవ్ కిందే లెక్క. పిల్లలు కంగారులో చేసేది ఇదే.

చివరి నిమిషం:
బంటు ప్రమోషన్ (చివరి వరసకి చేరిన బంటు వేరే పావుగా మారడం) సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లల ఆటల్లో పెద్ద రభస అక్కడే. మంత్రి దొరక్కపోతే ఏనుగుని తలకిందులుగా పెట్టి "ఇది క్వీన్" అనడం మన దగ్గర క్లబ్బుల్లో అలవాటు. ఫిడే లెక్కలో తలకిందుల రూక్ రూకే.

పిల్లల సంగతి అటుంచండి, 2017 కెనడా ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్‌లోనే ఇది జరిగింది. బ్లిట్జ్ ఆట. నికొలాయ్ నోరిట్సిన్ నల్లపావులతో బంటుని చివరి వరసకి చేర్చి, మంత్రి చేతికి దొరక్క రూక్‌ని తిరగేసి పెట్టాడు. ఆర్బిటర్ అది రూక్ అన్నాడు. ప్రత్యర్థి బాటర్ సాంబుయేవ్ తను చంపిన నల్ల మంత్రిని చేతిలోనే పట్టుకుని ఉన్నాడని తర్వాత వీడియోలో కనబడింది. ఆట, టైటిల్ రెండూ సాంబుయేవ్‌వే. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: గడియారం ఆపి, ఆర్బిటర్‌ని పిలిచి మంత్రి అడగడం. ఆ హక్కు రూల్స్‌లో ఉంది. జాతీయ ఛాంపియన్‌షిప్ స్థాయిలోనే సెకన్లలో గుర్తు రానిది పిల్లలకి ఆడుతూ వస్తుందా?

బంటుని చివరి గడిలో అలాగే వదిలి గడియారం నొక్కినా ఇల్లీగలే. బంటు స్థానంలో మంత్రినే పెడతారు, గుర్రం కావాలంటే ఇవ్వరు. దానికి తోడు ఎదుటివాడికి రెండు నిమిషాలు.

బంటు నడక:
చేతిపని గురించి మీరందరూ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ క్లెయిములు నేర్పడంలో ఉన్న ప్రమాదం ఎవరూ మాట్లాడట్లేదు. ప్రతి నాలుగు ఎత్తులకీ చెయ్యెత్తే పిల్లలు తయారవుతున్నారు. "త్రీ టైమ్స్ అయింది సార్", "వాడు ముట్టుకున్నాడు సార్". స్లీవ్ తగిలి పావు కదిలినా టచ్ మూవ్ అంటారు. రూల్ "కావాలని ముట్టుకుంటే" అంటోంది, ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు. అనవసర క్లెయిములతో, పదే పదే డ్రా అడగడంతో ఎదుటివాణ్ణి విసిగించడం ఆర్టికల్ 11.5 కింద తప్పు.

1994 లినారెస్ టోర్నీ గుర్తుచేసుకోండి. కాస్పరోవ్ గుర్రాన్ని సీ5 గడి మీద క్షణంలో భిన్నమంత సేపు వదిలి, మళ్లీ తీసి ఎఫ్8లో పెట్టాడు. పదిహేడేళ్ల జూడిత్ పోల్గార్ అక్కడికక్కడ క్లెయిమ్ చేయలేదు. అది కెమెరాలో దొరికింది, ఫలితం మాత్రం మారలేదు. అంత పెద్ద ఆటలోనే క్లెయిమ్ అంత సున్నితమైనప్పుడు, పిల్లలకి దాన్ని ఆయుధంలా ఇవ్వడం ఏం బాగుంటుంది?

ఓరుగల్లు గుర్రం:
అన్నా, నీ ఉదాహరణ నీకే ఎదురు తిరుగుతుంది. పోల్గార్ తన పావు ముట్టంగనే ఆ క్లెయిమ్ హక్కు పోయింది, ఆర్టికల్ 4.8 అదే చెప్తది. ఆమెకి రూల్ తెల్వక కాదు, ప్రపంచ ఛాంపియన్ మీద నోరు తెరిచే ధైర్యం పదిహేడేండ్ల పిల్లకి ఆ క్షణంల రాలే. మన పిలగాండ్లకి నేర్పాల్సింది గదే: అరవకుండ, గడియారం ఆపి, చెయ్యెత్తి, ఆర్బిటర్ వచ్చినంక చెప్పుడు. అవతలి పిలగానితోని వాదం పెట్టుకోవద్దు.

చివరి నిమిషం:
తప్పుడు క్లెయిములు ఎందుకొస్తున్నాయంటే సగం నేర్పడం వల్ల. మూడుసార్లు పునరావృతం అంటే మూడుసార్లు చెక్ ఇవ్వడం కాదు. అవే పావులు అవే గడుల్లో ఉండి, అదే ఆటగాడి వంతు అయి, క్యాసిలింగ్, ఎన్ పాసాన్ (రెండు గడులు దూకిన పక్క బంటుని వెంటనే బంటుతో చంపడం) హక్కులతో సహా అవే ఎత్తులు సాధ్యమవ్వాలి. వరసగా రావాల్సిన పనీ లేదు. ఎవరి వంతో వాళ్లే అడగాలి. తను వేయబోయే ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే ఆ ఎత్తు ముందు స్కోర్ షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మీద రాసి ఆర్బిటర్‌కి చెప్పాలి. బోర్డు మీద వేస్తే ఆ ఎత్తుకి హక్కు పోయినట్టే. క్లెయిమ్ తప్పయితే ఎదుటివాడికి రెండు నిమిషాలు. ఈ చివరి వాక్యం ఒక్కటి చెప్పండి, నాలుగు ఎత్తులకోసారి లేచే చేతులు సగం దిగుతాయి.

అలాగే మూడుసార్లకీ, 50 ఎత్తులకీ అడగాలి. ఐదుసార్లకీ, 75 ఎత్తులకీ అడగక్కర్లేదు, డ్రా అయిపోయినట్టే.

ఫ్లాగ్ పడడం, అంటే టైం అయిపోవడం, సంగతి కూడా. "వాడి దగ్గర గుర్రం ఒక్కటే, నా టైం అయిపోయినా డ్రానే" అనుకునే పిల్లలు చాలామంది. మన దగ్గర బంటు ఉంటే ఆ గుర్రంతో చెక్‌మేట్ ఏదో ఒక విడ్డూరపు వరసలో సాధ్యమే, కాబట్టి ఓటమే. ఎదుట వట్టి రాజు ఉంటే మాత్రం భరోసా. ఇక చెక్‌మేట్ అయ్యే ఎత్తు చెల్లేదైతే ఆట అక్కడికక్కడే ముగిసింది, ఆ తర్వాత ఫ్లాగ్ పడినా లెక్కలేదు.

ఏనుగు ఏడో అడ్డం:
డ్రా అడిగే తీరు కూడా నాలుగు మాటల్లో: ఎత్తు వేయి, డ్రా అను, గడియారం నొక్కు, ఊరుకో. క్లాసికల్ అయితే షీట్ మీద సమానం గుర్తు పెట్టాలి. ఫోన్ అమ్మానాన్నల దగ్గర వదిలేయాలి, జేబులో ఉన్నట్టు తేలితే ఆట పోతుంది. క్లాసికల్‌లో డ్రా క్లెయిమ్‌కి తప్ప ఎత్తు ముందే రాసుకోవడం కుదరదని కొందరు కోచ్‌లే చెప్పడం లేదు, పాత అలవాటు.

ఆట అయ్యాక స్కోర్ షీట్ మీద ఫలితం చూసి సంతకం చేయాలి. 1-0, 0-1 తారుమారైన కాగితం మీద సంతకం పడితే, ఆర్బిటర్ వేరేగా తేల్చకపోతే అదే నిలుస్తుంది.

బంటు నడక:
సరే, నా మాట కొంచెం మార్చుకుంటాను. పావు ముడితేనో ఎత్తు వేస్తేనో హక్కు పోయే రూల్స్ మొదటి టోర్నీకి ముందే చెప్పాలి: టచ్ మూవ్, ఇల్లీగల్ మూవ్, పునరావృతం, ప్రమోషన్. రంగులు తారుమారు కావడం, బోర్డు తిప్పి పెట్టడం లాంటివి ఆర్బిటర్‌కి వదిలేయొచ్చు.

ఆర్బిటర్ బల్ల:
ఆ రెండో మాటకి ఒప్పుకోను. రంగులు తారుమారైతే ఇద్దరూ పదేసి ఎత్తులు వేసేలోపు పట్టుకుంటేనే కొత్త ఆట, దాటితే అలాగే సాగుతుంది. ర్యాపిడ్‌లో పది దాటాక బోర్డు తిరగేసి ఉందన్న క్లెయిమ్ కూడా చెల్లదు. రాజు, మంత్రి గడులు మారి ఉంటే ఇక ఆ ఆటలో క్యాసిలింగే లేదు. కూర్చోగానే కుడిచేతి మూల గడి తెల్లదేనా, తెల్ల మంత్రి తెల్ల గడిలో ఉందా అని చూడ్డానికి ఐదు సెకన్లు పట్టదు.

ఓరుగల్లు గుర్రం:
ఇంట్ల ఇట్ల చేయుండ్రి. 15 నిమిషాల ఆట పెట్టి, నడుమ నడుమ మీరే కావాలని తప్పు ఎత్తు వేసి గడియారం కొట్టుండ్రి. చెక్‌ల ఉండంగ వేరే పావు కదుపుండ్రి, ఒకసారి రెండు చేతులతోని క్యాసిలింగ్ చేయుండ్రి. పిలగాడు తన ఎత్తు వేయకముందే గడియారం ఆపుతడా లేదా చూడుండ్రి. తొలి రోజు ఆపడు. నాలుగో ఆటకి ఆపుతడు.

చదరంగం మాస్టారు:
ఆపడానికి ఏ బటన్ నొక్కాలో ముందు చూపించండి. చాలా డిజిటల్ గడియారాల్లో అది మధ్యలో ఉంటుంది. కంగారులో పిల్లలు పైన ఉన్న మీటే కొట్టేస్తారు, దాంతో ఎత్తు వేయకుండా గడియారం నొక్కిన నేరం వీడి మీదే పడుతుంది.